సొంతంగా బిగించుకున్న నాస్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నాస్ అంటే ఇంటి నెట్‌వర్క్‌లో అందరూ ఫైళ్లు దాచుకునే పెట్టె. నాదాంట్లో ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న బోర్డు, 16 జీబీ ర్యామ్, నాలుగు హార్డ్ డిస్కులు, పైన ట్రూనాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. ఇంటిల్లిపాది ఫోటోలు, కంప్యూటర్ల బ్యాకప్‌లు, సినిమాలు అన్నీ ఇందులోనే. రాత్రింబవళ్లు ఆన్‌లోనే ఉంటుంది.

కొనేముందు అందరూ తలబద్దలు కొట్టుకునేది ప్రాసెసర్ గురించి. ఫైళ్లు పంచుకోవడానికి దాని మీద పడే భారం చాలా తక్కువ. వీడియో ట్రాన్స్‌కోడింగ్ (చూసే పరికరానికి తగ్గట్టు వీడియోను మార్చడం) కూడా అందులోని గ్రాఫిక్సే చూసుకుంటుంది. చిక్కంతా పీసీఐఈ లేన్లతో, అంటే ప్రాసెసర్‌కి మిగతా భాగాలను కలిపే దారులతో. ఎన్100కి ఉన్నవి తొమ్మిదే. డిస్కులు పెంచే ఆలోచన ఉంటే డిస్కులు తగిలించే సాటా పోర్టుల లెక్క ముందే చూసుకోండి.

నాలుగు డిస్కులనీ జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో రెండు మిర్రర్ జతలుగా పెట్టాను, అంటే జతలోని రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా. సగం స్థలం పోతుంది, నిజమే. రెయిడ్‌జెడ్1 (ఒక డిస్కు పాడైనా డేటా నిలిచే ఇంకో పద్ధతి) అయితే పోయేది పావు వంతే. అయినా మళ్లీ కట్టినా మిర్రరే పెడతాను. ఒక డిస్కులో స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చేది) పెండింగ్ సెక్టార్లు, అంటే సరిగా చదవలేని చోట్లు, చూపించడం మొదలుపెట్టినప్పుడు కొత్తది పెడితే, జతలోని రెండో డిస్కు నుంచి డేటా కాపీ అయిపోయింది. ఆ రాత్రి సినిమా కూడా ఆగలేదు. స్థలం చాలకపోతే రెండు డిస్కులు మారిస్తే సరి, నాలుగూ అక్కర్లేదు. డిస్కు కొనేటప్పుడు మాత్రం సీఎంఆర్ (డేటా వరుసలు ఒకదాని మీద ఒకటి పడకుండా రాసే రకం) అని రాసి ఉందో లేదో చూడండి. వరుసలు కొంత కప్పుకుంటూ రాసే ఎస్‌ఎంఆర్ రకం అయితే ఇలా డేటా తిరిగి నింపేటప్పుడు నత్తనడక నడుస్తుంది.

ఇంకోసారి సీఆర్‌సీ ఎర్రర్లు (డిస్కుకీ బోర్డుకీ మధ్య డేటా దారిలో పాడైన లెక్క) పెరుగుతూ పోయాయి. అది చూసి డిస్కు పోయిందని టెన్షన్ పడక్కర్లేదు, చాలాసార్లు తప్పు సాటా కేబుల్‌దే. మా దగ్గరా అంతే, కేబుల్ మార్చగానే ఆ అంకె అక్కడే ఆగిపోయింది.

నాకు అన్నిటికంటే అక్కరకొచ్చింది స్నాప్‌షాట్, అంటే ఒక సమయానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో అలాగే పట్టి ఉంచేది. ఇంట్లో ఎవరో ఫోటోల ఫోల్డర్ మొత్తం డిలీట్ చేశారు (ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు). ముందురోజు స్నాప్‌షాట్ నుంచి నిమిషాల్లో వెనక్కి తెచ్చాను. మిర్రర్ ఇక్కడ కాపాడదు, ఒక డిస్కులో చెరిపింది రెండోదాంట్లోనూ చెరిగిపోతుంది. పెట్టె మొత్తం పాడైతే స్నాప్‌షాట్లూ దాంతోనే పోతాయి కాబట్టి, ముఖ్యమైనవి వేరే చోట ఉంచిన ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కూడా ఎక్కిస్తుంటాను.

గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది. 2.5 గిగాబిట్‌కి మారాక పెద్ద వీడియోలు కాపీ చేసేటప్పుడే తేడా తెలిసింది, మిగతా పనుల్లో ఏమీ లేదు.

చప్పుడు మాత్రం నచ్చలేదు. నెలకోసారి స్క్రబ్ (డేటా అంతా చదివి తప్పులు వెతకడం) నడిచే రాత్రి డిస్కులు గరగరమంటూనే ఉంటాయి. రబ్బరు వాషర్లతో కొంత తగ్గింది. పడకగదిలో మాత్రం పెట్టుకోవద్దు.