పల్లెవెలుగులో దివిసీమకు: విజయవాడ నుంచి హంసలదీవి దాకా

విజయవాడలో ఉండేవారికి సముద్రం చేరువలోనే ఉంది గాని, లేచి నడిచి వెళ్లేంత దగ్గరలో లేదు. బందరు మీదుగా మంగినపూడికి, తెనాలి, బాపట్ల మీదుగా సూర్యలంకకు, అవనిగడ్డ మీదుగా హంసలదీవికి మూడు దారులున్నాయి. మొదటి రెండూ సులువైనవి. బందరుకు జాతీయ రహదారి మీద బస్సులకు కొదవ లేదు, అక్కడి నుంచి మంగినపూడి ఆటోలో పోగలిగినంత దూరమే. బాపట్లలో రైలు దిగితే సూర్యలంక 9 కిలోమీటర్లు. మూడోది కాస్త ఇబ్బంది పెట్టే దారి. మధ్యలో బస్సు మారాలి, చివర ఆటో మాట్లాడుకోవాలి, తీరంలో బసకు చెప్పుకోదగ్గ ఏర్పాటు లేదు. అయినా సముద్రం కన్నా దాని దాకా పోయే దారినే ఎక్కువగా ఇష్టపడేవారికి, కిటికీ పక్క సీటు దొరికితే చాలుననుకునేవారికి నేను ఈ మూడో దారినే సూచిస్తాను. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువల్లోకి మళ్లిన నీరు చెరకుగా, వరిగా, అరటిగా మారుతూ చివరకు మడ అడవుల ఉప్పునీటి దాకా ఎలా పోతుందో ఒకే పూటలో చూపించే దారి ఇది.

పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి అవనిగడ్డ బస్సులు రెండు దారుల్లో నడుస్తాయి. ఒకటి ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా పోతుంది, రెండోది కృష్ణ ఎడమ గట్టున కరకట్ట మీదుగా పోతుంది. బోర్డు మీద అవనిగడ్డ అని చూసి ఎక్కేయకుండా ఏ దారిన పోతుందో కండక్టరును అడిగి ఎక్కడం మంచిది. పోయేటప్పుడు పామర్రు దారిలో వెళ్లి, వచ్చేటప్పుడు కరకట్ట మీదుగా రావడం అన్నిటికన్నా బాగుంటుందని నా అభిప్రాయం. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైన దగ్గర నుంచి పల్లెవెలుగు బస్సుల్లో మహిళలకు టికెట్టు ఖర్చు లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే సరిపోతుంది. దానివల్ల బస్సులు నిండుగా ఉంటున్నాయి కనుక, బయలుదేరే చోటే ఎక్కితే తప్ప కూర్చునే చోటు దొరకడం కష్టం. ఊరు దాటేసరికి బస్సు మొత్తం ఎవరి కూతురు ఏ ఊళ్లో చదువుతోందో ఒకరికొకరు చెప్పేసుకుంటారు, ఆ కబుర్లు వినడానికి అదనపు రుసుము కూడా లేదు.

కంకిపాడు దాకా నగరమే వెంటబడి వస్తున్నట్టు ఉంటుంది. ఉయ్యూరు దగ్గర చక్కెర కర్మాగారం, గానుగాట నడిచే చలికాలంలో చెరకు లోడు ట్రాక్టర్లు, వాటి వెనక ఓపికగా కదిలే బస్సులు కనిపిస్తాయి. పామర్రులో హైవేను వదిలి దక్షిణానికి తిరిగిన తరువాతే అసలు ప్రయాణం మొదలవుతుంది. రోడ్డు సన్నబడుతుంది, చెట్లు దగ్గరవుతాయి, బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగుతుంది. కూచిపూడి ఈ దారిలోనే తగులుతుంది. సిద్ధేంద్ర యోగి పేరిట ఉన్న కళాపీఠాన్ని, రామలింగేశ్వరాలయాన్ని చూడదలచినవారు అక్కడ దిగి తరువాతి బస్సు అందుకోవచ్చు. క్షేత్రయ్య పదాల్లో పలికే మువ్వగోపాలుడి మొవ్వ కూడా పక్కనే ఉంది. అయితే ఒక్క రోజులో సముద్రం చూసి తిరిగి రావాలనుకునేవారు ఇక్కడ దిగకపోవడమే మేలు. ఈ రెండు ఊళ్లకూ వేరుగా ఒక పూట కేటాయించడం న్యాయం.

ఈ మాగాణుల్లో ఏ నెలలో వెళ్తే ఆ నెల రంగు కనిపిస్తుంది. సార్వా నాట్లు పూర్తయ్యాక ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కాలువ గట్టు నుంచి కనుచూపు మేర పచ్చగా ఉంటుంది. నవంబరు, డిసెంబరుల్లో కోతలు. కోతకు ముందే నిలబడి ఉన్న వరిలో మినుము చల్లడం ఈ డెల్టా రైతుల పాత పద్ధతి, అందుకే వరి ఇంటికి చేరిన కొద్ది రోజులకే అదే చేను మళ్లీ పచ్చబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఈ ప్రయాణం ఎవరికీ సూచించను. కాలువలు కట్టేస్తారు, నేల నెర్రెలిస్తుంది, బస్సు లోపల ఉక్క భరించలేం.

చల్లపల్లిలో బస్సు దిగి టీ తాగేంత సమయం దొరికితే రోడ్ల పక్కన ఉన్న చెట్లను, శుభ్రతను గమనించండి. 2014 నుంచి ఊరి స్వచ్ఛంద కార్యకర్తలు తెల్లవారుజామునే చీపుళ్లు పట్టుకుని వీధుల్లోకి వస్తున్నారు, ఆ శ్రమ బస్సు కిటికీలోంచి కూడా తెలుస్తుంది. ఆ తరువాత మోపిదేవి. పుట్టలోని సుబ్రహ్మణ్యేశ్వరుడిగా, సర్పం చుట్టల మీద లింగరూపంలో స్వామి కొలువైన ఈ క్షేత్రానికి మొక్కుబడుల కుటుంబాలు ఎక్కువగా వస్తాయి. దాటగానే పులిగడ్డ. ఇక్కడ కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది, ఆ పాయల నడుమ ఉన్న నేలే దివిసీమ. విజయవాడలో బయలుదేరిన కాలువ నీటిని నదీపాయ మీదుగా దాటించి దివికి అందించే అక్విడక్టును తప్పక చూడాలి. నది మీద నుంచి నదినీరే పోవడాన్ని పిల్లలకు చూపించి చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు జిల్లాలో లేదు.

బస గురించి స్పష్టంగా చెప్పాలి. అవనిగడ్డలో లాడ్జీలు, భోజనం మెస్సులు పుష్కలంగా ఉండటానికి కారణం యాత్రికులు కాదు, డీఎస్సీ శిక్షణకు రాష్ట్రం నలుమూలల నుంచి ఇక్కడికి వచ్చే నిరుద్యోగ పట్టభద్రులు. అందువల్ల లాభం ఏమిటంటే, విద్యార్థుల జేబుకు తగ్గ ధరలో పప్పు, కూర, పచ్చడి, పెరుగుతో కడుపు నిండా భోజనం దొరుకుతుంది. నష్టం ఏమిటంటే, నోటిఫికేషన్ వచ్చిన నెలల్లో గదులు దొరకవు. నేను దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది గాని, మేడ మీద ఉన్నవారు పాఠాలు బిగ్గరగా వల్లె వేస్తుండటంతో రాత్రి చాలాసేపు సింధు నాగరికత వింటూ గడపవలసి వచ్చింది. కుటుంబంతో వెళ్లేవారికి మోపిదేవిలో దేవస్థానం గదులు మెరుగు. ఆదివారాలు, మంగళవారాలు మాత్రం ముందే అడిగి చూసుకోవాలి.

అవనిగడ్డ నుంచి కోడూరు మీదుగా హంసలదీవికి బస్సులు తక్కువ. వాటి వేళలను అవనిగడ్డ బస్టాండులోనే కనుక్కుని, కుదరకపోతే కోడూరు దాకా బస్సులో వెళ్లి అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవాలి. రానూపోనూ, తీరంలో ఆగే సేపు కలిపి ముందే ధర తేల్చుకోండి, ఎందుకంటే తీరంలో తిరుగు ఆటో దొరకదు. కోడూరు దాటాక వరి తగ్గి రొయ్యల చెరువులు మొదలవుతాయి. నీటిని చిలికే ఏరేటర్ల చప్పుడు, గట్ల మీద కొంగలు, గాలిలో ఉప్పువాసన ఎదురవుతాయి. మధ్య మధ్య ఊళ్లలో స్తంభాల మీద ఎత్తుగా కట్టిన తుఫాను షెల్టర్లు కనిపిస్తాయి. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఈ సీమను ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ ఊళ్ల పేర్లు చెబుతూ, ప్రతి పేరు తరువాత ఆ ఏట అక్కడ ఎవరెవరు మిగిలారో చెప్పింది. అది విన్న తరువాత ఈ దారిని కేవలం విహారంగా చూడటం కష్టం.

కాకి ఇక్కడ మునిగి హంస అయిందన్న కథ హంసలదీవి పేరుకు మూలం. ఊళ్లో వేణుగోపాలస్వామి ఆలయం ప్రశాంతంగా ఉంటుంది. మాఘ పౌర్ణమికి మాత్రం సముద్రస్నానానికి జనం తండోపతండాలుగా వస్తారు. అక్కడి నుంచి కొద్ది కిలోమీటర్లలో పాలకాయతిప్ప తీరం. దుకాణాలు, గొడుగులు, గుర్రపు స్వారీలు కోరుకునేవారికి ఈ తీరం నిరాశ కలిగిస్తుంది. తాగునీరు, తినుబండారాలు కోడూరులోనే కొనుక్కుని రావాలి, స్త్రీలకు బట్టలు మార్చుకునే వసతిని నమ్ముకుని రాకూడదు. నది కలిసే చోటు కావడంతో నీటి లాగుడు ఎక్కువ, మోకాలి లోతు దాటి పోవద్దు. పక్కనే ఉన్న మడ అడవులు కృష్ణా అభయారణ్యంలో భాగం. చేపలు పట్టి తినే బావురుపిల్లికి ఇది నివాసం. జనవరి నుంచి ఏప్రిల్ లోపు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరాల్లో గుడ్లు పెడతాయి గనుక ఆ రోజుల్లో ఇసుకలో కంచె వేసిన చోట్లకు దూరంగా నడవాలి.

ఈత, ఆటలు, సముద్రానికి ఎదురుగా గది ముఖ్యమైన కుటుంబాలకు సూర్యలంక మేలు. అక్కడ పర్యాటక సంస్థ రిసార్టు ఉంది, ఆదివారం రద్దీని మాత్రం సహించాలి. మంగినపూడిలో నీరు లోతు తక్కువ, నల్లని ఒండ్రు నేల. తిరుగు దారిలో బందరు లడ్డూ కొనుక్కోవచ్చన్నది దాని అదనపు ఆకర్షణ.

హంసలదీవి నుంచి మధ్యాహ్నం మూడు గంటల లోపు బయలుదేరితేనే అవనిగడ్డలో కరకట్ట బస్సు వెలుతురుండగా అందుతుంది. ఆ బస్సులో నది ఎడమ వైపు ఉంటుంది. ముందు వరుసల్లో ఎడమ సీట్లు మహిళలవి కనుక మగవారు వెనక కిటికీ వెతుక్కోవాలి, ఎండ ముఖాన పడుతున్నా వదులుకోకూడదు. కట్టకూ నీటికీ నడుమ లంక భూముల్లో అరటి, పసుపు, కంద కనిపిస్తూ, వాటి సందుల్లో అక్కడక్కడ మాత్రమే కృష్ణ తళుక్కుమంటుంది. రాయలవారి కలలోకి వచ్చి తెలుగులో కావ్యం చెప్పమన్న ఆంధ్రవిష్ణువు గుడి ఉన్న శ్రీకాకుళం ఈ గట్టు మీదే తగులుతుంది. కట్ట సన్నం, ఎదురుగా మరో బస్సు వస్తే రెండూ అంగుళం అంగుళం జరుపుకుంటూ దాటాలి. కాబట్టి రాత్రి రైలు పట్టుకోవలసినవారు ఈ దారిని వదిలి పామర్రు బస్సే ఎక్కాలి.