సర్జికల్ టెక్నాలజీ చదువు: ఉద్యోగంలో కొన్నేళ్లు గడిచాక నా అభిప్రాయం

డల్లాస్ దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీలో సర్జికల్ టెక్నాలజీ (ఆపరేషన్‌లో సర్జన్‌కి పరికరాలు సిద్ధం చేసి అందించే పని) అసోసియేట్ డిగ్రీ చేసి, కొన్నేళ్లుగా ఆపరేషన్ థియేటర్లో పనిచేస్తున్నాను. ఫీజులు, సబ్జెక్టులు అడ్మిషన్ ఆఫీసులోనే చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను. ఈ చదువులో నాకు అన్నిటికంటే నచ్చింది కేస్ లాగ్, అంటే మనం పాల్గొన్న సర్జరీలన్నీ రాసుకునే రికార్డు. ఈరోజు ధైర్యంగా టేబుల్ దగ్గర నిలబడుతున్నానంటే దాని పుణ్యమే.

సీఏఏహెచ్‌ఈపీ (ఆరోగ్య రంగ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న మా కోర్సులో విద్యార్థి కనీసం 120 సర్జరీల్లో స్క్రబ్ అవ్వాలి, అంటే చేతులు కడుక్కుని స్టెరైల్ గౌను, గ్లవ్స్ వేసుకుని సర్జరీలో పాల్గొనాలి. వాటిలో 80 ఫస్ట్ స్క్రబ్‌గా చేయాలి. అంటే పరికరాల టేబుల్ సర్దడం, పరికరాలు, స్పాంజ్‌ల (రక్తం అద్దే గుడ్డల) లెక్క చూడడం, సర్జన్ చేతికి పరికరం అందించడం అన్నీ మన బాధ్యతే. కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుంటే సెకండ్ స్క్రబ్. ఊరికే చూస్తూ నిలబడితే అసలు లెక్కలోకే రాదు.

మొదట నన్ను పంపిన హాస్పిటల్లో స్టాఫ్ తక్కువ, కేసులు ఎక్కువ. స్టూడెంట్ చేతికి టేబుల్ ఇస్తే ఆలస్యమవుతుందని వాళ్ల భయం. వారాల తరబడి రిట్రాక్టరే. అడిగితే రేపు చూద్దాం అనేవాళ్లు. నాకు ఒకటే టెన్షన్. లాగ్ షీటులో ఫస్ట్ స్క్రబ్ గడులు ఖాళీగా ఉండడం చూసి మా క్లినికల్ కోఆర్డినేటర్ వాళ్లతో మాట్లాడారు. అయినా మార్పు లేకపోయేసరికి నన్ను ఇంకో హాస్పిటల్‌కి మార్చేశారు. ఆ షీటే లేకపోతే నా గోడు ఎవరు వినేవాళ్లు?

కొత్త చోట వెంటనే హెర్నియా కేసు ఇచ్చారు. సూదిని నీడిల్ హోల్డర్‌లో ఎక్కడ పట్టించాలో ల్యాబ్‌లో ఎన్నోసార్లు చేశాం. దారం అతికిన చివర నుంచి సుమారు మూడో వంతు దూరంలో, మొన సర్జన్ కుట్టే వైపుకి ఉండాలి. కానీ సర్జన్ తల ఎత్తకుండా చేయి చాచినప్పుడు అరచేతిలో సరిగ్గా పడేలా పెట్టడం అక్కడే వచ్చింది. మూసే ముందు లెక్కలో ఒక స్పాంజ్ తక్కువ వచ్చింది. గట్టిగా చెప్పాను. సర్జన్ కుట్టడం ఆపేశారు. అందరం వెతికితే పేషెంట్ మీద కప్పిన డ్రేప్ మడతలో దొరికింది. ఎవరూ విసుక్కోలేదు. స్టూడెంట్ నోటి మాటకు గది మొత్తం ఆగుతుందని ఆరోజు కళ్లారా చూశాను.

120 కేసులతో అంతా వచ్చేస్తుందని మాత్రం అనను. నా లాగ్‌లో ఎక్కువగా జనరల్, ఆర్థో కేసులే. ఉద్యోగంలో న్యూరో (మెదడు, వెన్ను సర్జరీల) రూమ్‌లో వేసినప్పుడు పరికరాల ట్రేలన్నీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. క్లినికల్స్‌కి (హాస్పిటల్లో ట్రైనింగ్‌కి) తెల్లవారకముందే బయల్దేరాలి, జీతం ఉండదు. మా అత్తయ్య వచ్చి పిల్లల్ని చూసుకున్నారు కాబట్టి నెట్టుకొచ్చాను. ఆ ఆసరా లేనివాళ్లకి ఇదే దారి పట్టమని గట్టిగా చెప్పలేను. నాకు పని చేసే అనుమతి ముందే ఉంది. బ్యాచిలర్స్ తప్పనిసరిగా అడిగే ఉద్యోగం కాదు కాబట్టి దీని మీద హెచ్-1బి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

త్వరగా అయిపోయే ఆన్‌లైన్ కోర్సుల గురించి మనవాళ్లు చాలామంది అడుగుతుంటారు. సీఎస్‌టీ (సర్టిఫైడ్ సర్జికల్ టెక్నాలజిస్ట్) పరీక్షకు కూర్చోవాలంటే సాధారణంగా సీఏఏహెచ్‌ఈపీ లేదా అలాంటిదే ఇంకో సంస్థ ఏబీహెచ్‌ఈఎస్ గుర్తింపు ఉన్న కోర్సు పూర్తి చేసి ఉండాలి. కాబట్టి అది ముందు చూసుకోండి. ఆ తర్వాత, ఏ హాస్పిటళ్లకు పంపుతారో, కిందటి బ్యాచ్‌కి ఫస్ట్ స్క్రబ్ కేసులు ఎక్కడెక్కడ దొరికాయో కాలేజీ వాళ్లని నేరుగా అడగండి. వీలైతే ఆ బ్యాచ్‌లో ఒకరితో మాట్లాడాకే ఫీజు కట్టండి.