గాలి మలిచిన అడవుల్లో: ఉష్వాయా నుంచి నవరీనో దీవి దాకా

దక్షిణ అమెరికా కొసన అర్జెంటీనా, చిలీ పంచుకొన్న తియెర్రా దెల్ ఫుయెగో దీవులకు వెళ్లేవారిలో చాలామంది అంటార్కిటికా నౌక ఎక్కడానికో పెంగ్విన్లను చూడడానికో వెళతారు. నేనూ నా భార్యా మార్చి చివర అక్కడి అడవుల కోసమే వెళ్లాము. దక్షిణాన 55వ అక్షాంశం దగ్గర భూమి దాదాపు అంతా సముద్రమే కావడంతో, ఉత్తరాన రష్యా, కెనడాలలో ఉన్నంత విశాలమైన చలి అడవులకు ఇక్కడ చోటు లేదు. ఆ సముద్రమే శీతకాలపు చలిని మెత్తబరిచి, వేసవి వెచ్చదనాన్ని కూడా అణచివేస్తుంది. మేము బస చేసిన అర్జెంటీనా పట్టణం ఉష్వాయాలో, అక్కడి వేసవి అయిన జనవరిలో కూడా సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. ఏడాది పొడుగునా చల్లదనం, పడమటి నుంచి ఆగని గాలి: ఈ రెండింటికీ తట్టుకొన్న కొద్ది జాతులే ఈ అడవిని నిర్మించాయి. వాటిలో ముఖ్యమైన లెంగా, న్యీరే, గిందో మూడూ నొథోఫాగస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. మొదటి రెండూ ఆకు రాలుస్తాయి, గిందో ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. మార్చి చివర వెళితే కొండవాలులోని లెంగా చెట్లు పైనుంచి కిందికి ఎర్రబడుతూ రావడం చూడవచ్చు. జనవరిలో ఉండే రద్దీ కూడా అప్పటికి తగ్గుతుంది.

ఉష్వాయాలో బసకు కొదవ లేదు. ధరలు మాత్రం ఎక్కువే. మేము ఊరి పైభాగంలో ఒక కుటుంబం నడిపే వసతిగృహంలో దిగాము. గది చిన్నదైనా వెచ్చగా ఉంది, వంటగది వాడుకోనిచ్చారు. శాకాహారులకు అన్నిటికన్నా విలువైన సౌకర్యం అదే, ఎందుకంటే హోటళ్లలో పీతలూ గొర్రెమాంసమూ తప్పితే మిగిలేవి చాలా తక్కువ.

ఊరికి పడమర 12 కిలోమీటర్ల దూరంలో, 1960లో ఏర్పడిన తియెర్రా దెల్ ఫుయెగో జాతీయ ఉద్యానవనం ఉంది. దాని విస్తీర్ణం 60,000 హెక్టార్లకు పైనే అయినా సందర్శకులకు తెరిచినది దక్షిణపు అంచులో కొంత భాగమే. మేము మొదట ఒక సంస్థ నడిపే యాత్రలో వెళ్లాము. వ్యాను ఆగిన ప్రతిచోటా ఫోటోలకు సరిపడా సమయం ఇచ్చారు కానీ చెట్ల గురించి ఒక్క మాటా చెప్పలేదు. మరునాడు మామూలు మినీబస్సులో వెళ్లి బీగిల్ జలసంధి వెంట సుమారు 8 కిలోమీటర్ల తీరబాటను సొంతంగా నడిచాము. అడవిని చూడాలనుకొనేవారు ఈ రెండో పద్ధతినే ఎంచుకోవాలని నా గట్టి సలహా. తిరుగు బస్సు వేళలను మాత్రం దిగేటప్పుడే అడిగి రాసుకోవాలి.

ఆ బాటలో నేలకూలిన చెట్లు అడుగడుగునా ఎదురవుతాయి. నేల పలచన కాబట్టి వేళ్లు లోతుకు దిగకుండా పక్కలకు పరుచుకొంటాయి. పెనుగాలి వచ్చినప్పుడు పెద్ద చెట్టు వేళ్లతో సహా పెళ్లగిలి పడుతుంది. పైనుంచి వెలుతురు పడగానే, ఏళ్ల తరబడి నీడలో ఎదగకుండా కాచుకొన్న లెంగా మొలకలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. పడిన మాను నాచుకూ శిలీంధ్రాలకూ పురుగులకూ ఇల్లవుతుంది, ఆ పురుగుల కోసం మెజెల్లాన్ వడ్రంగిపిట్ట వస్తుంది. మగపిట్ట ఎర్రని తల చూడకముందే దాని ముక్కు దెబ్బలు వినబడ్డాయి. ఇంత చలిలో చిలకల గుంపు అరుస్తూ పోవడం తెలుగువారికి వింతగానే తోస్తుంది. ప్రపంచంలో అన్నిటికన్నా దక్షిణాన బతికే చిలకలు అవే.

గాలి ప్రభావాన్ని ఇంకా స్పష్టంగా చూడాలంటే తూర్పున 85 కిలోమీటర్ల దూరంలో, ఆంగ్ల మిషనరీ థామస్ బ్రిడ్జెస్ 1886లో స్థాపించిన హార్బర్టన్ ఎస్టేటుకు వెళ్లే దారి పట్టాలి. గాలికి ఎదురుగా ఉన్న మొగ్గలు ఎండి చనిపోగా అవతలి పక్కవి మాత్రమే కొమ్మలవుతాయి; ఒకవైపే దువ్విన జుట్టులా నిలబడ్డ ఆ చెట్లను స్థానికులు జెండా చెట్లు అంటారు. దారిలో కొంత భాగం కంకర రోడ్డు కాబట్టి డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోవడం మేలు.

పర్యాటక రైలు విషయంలో నాకు రెండు మాటలున్నాయి. 1994లో మొదలైన ఈ సేవ, 1902 నుంచి 1947 దాకా ఉన్న జైలు ఖైదీలు కలప మోసిన పాత మార్గంలో కొంత దూరం నడుస్తుంది. టికెట్టు ఖరీదుకు కనబడే అడవి తక్కువ. అయినా ఖైదీలు నరికిన మోళ్లు దశాబ్దాల తరువాత కూడా బయలులో నిలిచి ఉండడం చూడదగ్గది: ఈ చలిలో చెక్క కుళ్లడం అంత నెమ్మది, అడవి తిరిగి రావడమూ అంతే.

చెట్లు కొరికి వాగులకు ఆనకట్టలు కట్టే పెద్ద ఎలుకజాతి జంతువు బీవర్; దాన్ని చూపే సాయంకాలపు యాత్రలను మాత్రం ఆలోచించి ఎంచుకోవాలి. బొచ్చు పరిశ్రమ కోసం 1946లో కెనడా నుంచి తెచ్చి వదిలిన ఈ జంతువులకు ఇక్కడ వేటాడే శత్రువులు లేరు. ఇప్పుడు వాటి సంఖ్య లక్ష దాటిందని అంచనా. కెనడాలో బీవర్ కొరికిన విల్లో, పోప్లర్ వంటి చెట్లు మోడు నుంచి చిగురిస్తాయి, లెంగాకు ఆ శక్తి లేదు. ఆనకట్ట వెనక నీట మునిగినవి నిలువునా చనిపోతాయి. తెల్లబడ్డ మానులతో నిండిన ఆ లోయను చూపించి, ముద్దొచ్చే జంతువని మాత్రమే చెప్పి ఊరుకొన్న మార్గదర్శిపై నాకు నిజంగా బాధ కలిగింది. ఈ నష్టాన్ని వివరించేవారితోనే వెళ్లండి.

ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా మిన్నగా తోచినది జలసంధికి ఆవల, చిలీకి చెందిన నవరీనో దీవి. ప్వెర్తో విలియమ్స్ ఊరి దగ్గర, తత్త్వవేత్త, పర్యావరణ శాస్త్రవేత్త అయిన రికార్దో రోస్సి చొరవతో ఏర్పడిన ఒమోరా పార్కు ఉంది. యునెస్కో 2005లో గుర్తించిన కేప్ హార్న్ జీవావరణ రిజర్వులో ఇది భాగం. ప్రపంచంలోని నాచు, దానికి దగ్గరి చిన్న మొక్కలైన లివర్‌వర్ట్ జాతుల్లో 5 శాతానికి పైగా ఈ చిన్న ప్రాంతంలోనే ఉన్నాయి. అక్కడ చేతికి భూతద్దం ఇచ్చి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఒకే రాతి మీది నాచులనూ, శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే లైకెన్లనూ చూపిస్తారు. చెట్ల జాతులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగే ఈ అడవిలో వైవిధ్యమంతా అరచేతి ఎత్తులో దాగి ఉందని ఆ గంటల్లోనే అర్థమైంది. ముందుగా సమయం తీసుకొని వెళ్లడం అవసరం.

ఊళ్లో బసలు సాదా ఇళ్లే. కట్టెల పొయ్యి వెచ్చదనం, ఇంటి వంట ఉంటాయి, ఇంటర్నెట్ మీద ఆశ పెట్టుకోకూడదు. కూరగాయలు ఓడలో రావాలి కాబట్టి ప్రియం. చిలీ సరిహద్దులో ఆహార పదార్థాలన్నీ ఫారంలో రాసి చూపాలి. మేము అలాగే రాసి ఇచ్చాము; సీలు తీయని ఆవకాయ సీసాను తిరిగి ఇచ్చి, మెంతులను విత్తనాలని ఉంచేసుకొన్నారు.

ఉష్వాయా నుంచి చిన్న పడవలో వెళ్లి, తిరుగు ప్రయాణం చిలీ నగరం పూంతా అరేనాస్‌కు ఫెర్రీలో చేశాము. అది 30 గంటలకు పైగా పడుతుంది, నిద్ర వాలు కుర్చీలోనే. అయినా పడమటి కాలువల్లో వర్షం ఏటా కొన్ని వేల మిల్లీమీటర్లకు పెరిగే కొద్దీ గిందో అడవి హిమానీనదాల పక్కదాకా, నీటి అంచుదాకా దిగిరావడం డెక్కు మీది నుంచి తప్ప మరెక్కడి నుంచీ ఇంత బాగా కనబడదు. ఉష్వాయా నుంచి వెళ్లే చిన్న పడవ మాత్రం గాలి ఎక్కువైతే బయలుదేరదు, మాదీ ఒకసారి వాయిదా పడింది. నవరీనోకు వెళ్లేవారు ఆ తరువాతి విమానానికి రెండు మూడు రోజుల ఎడం ఉంచి టికెట్లు తీసుకోవాలి.