డీవీడీ ఆడింది కదా అని డ్రైవ్ బాగుందనుకోకండి. ఆ మాట నమ్మి నాన్న సీడీ పోగొట్టుకున్నాను

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. రెండు రోజులైంది, తగ్గేలా లేదు. ఈలోపు ఇంకెవరైనా నాకు ఆ డ్రైవ్ అమ్మినాయన దగ్గర కొంటారేమోనని ఇప్పుడే రాసేస్తున్నా. వరస తప్పితే సర్దుకుని చదవండి.

పాత కంప్యూటర్ భాగాలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకి ఈయన తెలిసే ఉంటాడు. ప్రతి ప్రకటనలోనూ 'టెస్టెడ్, పర్ఫెక్ట్ కండిషన్' అని పెద్ద అక్షరాలతో పెట్టేది ఆయనే. పేరు రాయను. ఆ ప్రకటనలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

నా డెస్క్‌టాప్‌లో పాత డ్రైవ్ చెడిపోయింది, ట్రే బయటికి రావడం మానేసింది. ఈయన దగ్గర డీవీడీ రైటర్ ఒకటి తెప్పించుకున్నా. కేబుళ్ళు తగిలించా, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగుల్లో) కనపడింది, విండోస్‌లో ఐకాన్ వచ్చింది. చేతికందిన సినిమా డీవీడీ ఒకటి పెట్టి చూస్తే వెంటనే ఆడింది. సరే బాగుంది అనుకుని పక్కన పెట్టేశా. అక్కడే నా మొదటి తప్పు. అసలు డ్రైవ్ కొన్నది సినిమాలకి కాదు, నాన్న సీడీల కోసం. వాటిలో ఒక్కటైనా ఆ రోజే పెట్టి చూడాల్సింది. చూడలేదు. వాపసు గడువు దాటిపోయాక గానీ సీడీల డబ్బా తీయలేదు.

2004లో నాన్న తన గొంతు తానే రికార్డు చేసుకుని 11 సీడీలు బర్న్ చేశారు. అన్నీ సీడీ-ఆర్‌లే, అంటే ఒక్కసారి రాసుకునే ఖాళీ సీడీలు, ఆడియో సీడీలుగా రాసినవి. ఒక్కోదాని మీద గుండ్రటి కాగితం లేబుల్ అంటించి, తన చేతిరాతతో నంబరు, లోపల ఏముందో రాసుకున్నారు. పదింటిలో ఆయన పాడినవి, చదివినవి. 7వ నంబరు ఒక్కటే ఆయన మామూలుగా మాట్లాడినది. తన చిన్నతనం గురించి, వాళ్ళమ్మ గురించి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ గొంతు మాకు ఇంకెక్కడా లేదు.

కాపీ పెట్టుకోలేదా అని అడుగుతారు. పెట్టుకున్నాననే అనుకున్నా. అప్పుడెప్పుడో డిస్క్ తెరిచి, 'ట్రాక్01.సీడీఏ' అని కనిపించినవన్నీ హార్డ్ డిస్క్‌లోకి లాగి, ఫోల్డర్‌కి నాన్న పేరు పెట్టుకున్నా. ఆ ఫైళ్ళలో పాట ఉండదని ఈ వారమే తెలిసింది. ఒక్కోటి 44 బైట్లు. ఫలానా ట్రాక్ డిస్క్ మీద ఎక్కడ మొదలై ఎంతసేపు నడుస్తుందో చెప్పే గుర్తు మాత్రమే అది. డిస్క్ లేకపోతే దానితో ఏ ఉపయోగమూ లేదు. ఇన్నేళ్ళు ఆ ఫోల్డర్ చూసుకుని ధైర్యంగా ఉన్నా. మీ దగ్గరా ఇలాంటి ఫోల్డర్ ఉంటే దయచేసి ఇప్పుడే తెరిచి ఫైల్ సైజు చూడండి.

సరే, అసలు విషయం. 1వ సీడీ పెట్టా. డ్రైవ్ కాసేపు గుయ్‌మని తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. ఐకాన్ మీద నొక్కితే 'డ్రైవ్‌లో డిస్క్ పెట్టండి' అని సందేశం. డిస్క్ లోపలే ఉంది! 2వది పెట్టా, అదే సందేశం. ఇంకో మూడు మార్చి చూశా, అదే. సినిమా డీవీడీ పెడితే చక్కగా తెరుచుకుంటోంది.

తెలిసినవన్నీ చేశా. డేటా కేబుల్ మార్చా, మదర్‌బోర్డు మీద వేరే సాటా పోర్టుకి తగిలించా. విండోస్‌లో భాగాలన్నీ చూపించే డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ తీసేసి మళ్ళీ పట్టించా. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనేవి తీసేయమని ఎక్కడో చదివి అదీ చేశా. నిజానికి అది డ్రైవ్ ఐకానే మాయమై, డివైస్ మేనేజర్‌లో కోడ్ 19, కోడ్ 39 లాంటి తప్పు సందేశాలు వచ్చినప్పుడు చేసే వైద్యం. నా రోగం అది కాదు. కంగారులో దొరికిన మందల్లా మింగించా.

అప్పుడు డ్రైవ్ అమ్మినాయనకి ఫోన్ చేశా. నా బాధంతా ఆ ఫోన్ గురించే.

"డీవీడీ ఆడుతోందా మేడమ్?" అన్నాడు. ఆడుతోందన్నా. "డివైస్ మేనేజర్‌లో ఏమని ఉంది?" డివైస్ సరిగా పనిచేస్తోందని ఉందన్నా. "మరింకేంటి మేడమ్, డ్రైవ్ బంగారంలా ఉంది. మీ సీడీలే పోయాయి." అన్నీ ఒకేసారి ఎలా పోతాయండీ అని అడిగా. అప్పుడు, "వాటి మీద కాగితం లేబుళ్ళున్నాయా?" అన్నాడు. ఉన్నాయన్నా. "అదిగో, అదే. బరువు ఒక పక్కకి లాగి డిస్క్ వణుకుతుంది, అందుకే చదవదు. పీకేయండి, ఆడతాయి."

ఎంత నమ్మకంగా చెప్పాడంటే, రోజూ పదిమందికి చెప్పే మాటలా ఉంది. పైగా అందులో సగం నిజం కూడా ఉంది. లేబుల్ వంకరగా అంటితే డిస్క్ వేగంగా తిరిగేటప్పుడు ఊగే మాట నిజమే. ఆ సగం నిజమే నన్ను ముంచింది.

7వ నంబరుతో మొదలుపెట్టా. ఎందుకో చెప్పనా? అన్నిటికంటే ముందు అదే వినాలనిపించింది కాబట్టి.

గోరుతో అంచు లేపి, మెల్లగా లాగా. కాగితం వచ్చింది. దాని వెనకాలే డిస్క్ వెండి పొర కూడా పొట్టులా లేచి వచ్చేసింది. అరచేతి వెడల్పున సీడీ గాజులా అయిపోయింది. అందులోంచి అవతలి వైపు నా వేళ్ళు కనిపించాయి. ఇంకో చేతిలో నాన్న చేతిరాత ఉన్న కాగితం, దాని వెనక మెరుస్తూ ఆ పొర. నాన్న మాటలన్నీ ఆ పొరలోనే ఉన్నాయని నాకు అప్పటికింకా తెలియదు. కడిగితే బాగవుతుందేమో అనుకుంటూ కూర్చున్నా.

చాలామంది అనుకున్నట్టే నేనూ సీడీలో సమాచారం కింద, మెరిసే వైపు ఉంటుందనుకున్నా. కాదట. సీడీ అంటే 1.2 మిల్లీమీటర్ల మందమున్న ప్లాస్టిక్ బిళ్ళ. లేజర్ కింద నుంచి ఆ మందమంతా దాటి పైకొచ్చి చదువుతుంది. రాత ఉండేది పైన, లేబుల్‌కి ఆనుకుని. దానికి అడ్డు పల్చటి లక్క పూత ఒక్కటే. కింద గీత పడితే పాలిష్ పట్టించొచ్చు, పైన పొర లేస్తే చేసేదేమీ లేదు. డీవీడీ అలా కాదు, 0.6 మిల్లీమీటర్ల బిళ్ళలు రెండు అతికించి ఉంటాయి, రాత మధ్యలో దాగుంటుంది. సీడీ మీద అంటించిన కాగితం మాత్రం ఎప్పటికీ పీకకూడదు. వంకరగా ఉన్నా, సగం లేచినా సరే, అలాగే వదిలేయాలి. డిస్క్ డ్రైవ్‌ల వ్యాపారం చేసే మనిషికి ఇది తెలియకపోతే ఎలా? తెలిసీ చెప్పాడంటే ఇంకేమనాలి?

మళ్ళీ ఫోన్ చేశా. ఏడుస్తూనే మాట్లాడా, దాచడం ఎందుకు. పొర లేచొచ్చిందని చెప్తే ఆయన అన్న మాట యథాతథంగా రాస్తున్నా: "అది ముందే కుళ్ళిపోయింది మేడమ్, అందుకే ఊడింది. పాత చెత్త పెట్టుకుని డ్రైవ్‌ని ఆడిపోసుకుంటే ఎలా?"

చెత్త. మా నాన్న గొంతుని చెత్త అన్నాడు. ఫోన్ పెట్టేసింది కూడా ఆయనే.

మిగిలిన పది డిస్కులు ముట్టుకోలేదు. ఆ ఒక్క పని సరిగ్గా చేశా. మర్నాడు మా తమ్ముడు తన పాత కంప్యూటర్ క్యాబినెట్ మోసుకొచ్చాడు. అందులో ఎప్పటిదో సీడీ డ్రైవ్ ఉంది. 1వ నంబరు పెట్టాం. రెండు సెకన్లలో ట్రాకులన్నీ వచ్చేశాయి. నాన్న గొంతు సవరించుకున్న చప్పుడు వినగానే ఇద్దరం కాసేపు మాట్లాడలేకపోయాం. తర్వాత 2, 3, 4... పదీ తెరుచుకున్నాయి, లేబుళ్ళతో సహా. ఏ డిస్కూ కుళ్ళలేదు, ఏ లేబులూ అడ్డం రాలేదు. 7 కూడా తెరుచుకుని ఉండేదే.

వాడే నా డ్రైవ్ ఊడదీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "అక్కా, ఈ స్టిక్కర్ కింద ఏదో రాసుంది చూశావా?" అన్నాడు. పై రేకు మీద ఆ అమ్మినాయన సొంత 'టెస్టెడ్' స్టిక్కర్ ఉంది. అంచు లేపితే దాని కింద నల్ల మార్కర్‌తో రాత. 'సీడీ' అని రాసి పక్కన ఇంటూ గుర్తు, 'డీవీడీ' అని రాసి పక్కన టిక్కు.

అంటే ఎవరో పరీక్ష చేశారు. సీడీలు చదవదని తేలింది. రాసి పెట్టుకున్నారు. ఆ రాత మీద 'టెస్టెడ్' అని అంటించి నాకు పంపారు. అందుకే ఫోన్ తీయగానే "డీవీడీ ఆడుతోందా" అని అడిగాడు! ఆ ప్రశ్నకి నా దగ్గర ఏ జవాబు వస్తుందో ఆయనకి ముందే తెలుసు. లేబుళ్ళు పీకమన్నది కూడా తప్పు నా డిస్కుల మీదికి నెట్టడానికే.

డీవీడీ చదివి సీడీ చదవకపోవడం ఏంటని నాలాగే మీకూ అనిపించొచ్చు. సీడీకి 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్ కావాలి, డీవీడీకి 650. బయటికి కనిపించే కటకం ఒకటే అయినా దాని వెనక లేజర్లు రెండుంటాయి. ఒకటి పోయి రెండోది నిక్షేపంగా ఉండొచ్చు. నా డ్రైవ్‌లో జరిగింది అదే. మామూలుగా కంపెనీలో అచ్చు వేసిన సీడీ కంటే సీడీ-ఆర్ ఇంకా మొండిది. దానిలోని రంగు పూత 780కి తగ్గట్టు చేసింది, 650 కాంతిని సరిగా తిప్పికొట్టదు. తొలి రోజుల డీవీడీ ప్లేయర్లలో కొన్ని సీడీ-ఆర్‌లు చదవలేకపోయింది ఇందుకే. కాబట్టి సినిమా డీవీడీ ఆడినంత మాత్రాన ఆ డ్రైవ్ మీ సీడీల గురించి ఏమీ చెప్పినట్టు కాదు. డివైస్ మేనేజర్‌లో 'సరిగా పనిచేస్తోంది' అన్నా అంతే. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కిందని దానర్థం, లేజర్ వెలుగుతోందని కాదు.

స్టిక్కర్ కింది ఆ రాత ఫొటో తీసి ఆయనకి పంపా. చూసినట్టు గుర్తు వచ్చింది. గంట తర్వాత జవాబు: "గడువు అయిపోయింది. డిస్క్ మీరే పాడు చేసుకున్నారు." అవును, పీకింది నా చెయ్యే. రెండు రోజుల నుంచి అదే తలచుకుంటున్నా. ఒక్క పూట ఆగి తమ్ముణ్ణి పిలిచి ఉంటే చాలు. కానీ పీకమన్న నోరు ఎవరిదో కూడా అందరికీ తెలియాలి.

కొనేవాళ్ళకి ఒక మాట. వాడిన డ్రైవ్ వస్తే ఆ రోజే మూడు పెట్టి చూడండి: అచ్చు వేసిన సీడీ ఒకటి, ఇంట్లో బర్న్ చేసిన సీడీ ఒకటి, డీవీడీ ఒకటి. పోయినా బాధ లేనివి పెట్టండి. మీ డిస్కే తెరుచుకోకపోతే దాని మీద ఏ ప్రయోగమూ చేయకముందు ఇంకో డ్రైవ్‌లో, కుదిరితే ఇంకో రెండింటిలో చూడండి. తుడవాల్సి వస్తే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి, గుండ్రంగా తిప్పుతూ కాదు. నడి కన్నం దగ్గర పగులు కనిపిస్తే మాత్రం పెట్టొద్దు, ఆ వేగానికి లోపలే ముక్కలవుతుంది. ఎక్కడో బర్న్ చేయించుకున్న డిస్క్ అక్కడ మాత్రమే తెరుచుకుంటే, ఫైనలైజ్ చేయలేదేమో (రాయడం అయ్యాక డిస్క్‌ని ముగించి మూయలేదేమో) అడగండి. ఆడియో సీడీని ఫైళ్ళు లాగి కాపీ చేయొద్దు, రిప్ చేయండి, అంటే సాఫ్ట్‌వేర్‌తో ట్రాకుల్ని ఆడియో ఫైళ్ళుగా మార్చుకోండి. మేం ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌తో చేశాం. నెమ్మదిగానే అయినా, అనుమానం వచ్చిన చోటల్లా మళ్ళీ మళ్ళీ చదువుతుంది.

నిన్న రాత్రికి పదీ వేవ్ ఫైళ్ళయ్యాయి, రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టాం. 7వ దాన్ని కాగితంతో సహా కవర్లో పెట్టా.

ఇది రాసే ముందు ఆయన పేజీ చూశా. అదే మోడల్ డ్రైవ్‌లు ఇంకా నాలుగు అమ్మకానికి ఉన్నాయి, అదే 'టెస్టెడ్' మాటతో. ఇప్పటికే తీసుకున్నవాళ్ళు డ్రైవ్ విప్పి ఆ స్టిక్కర్ కింద ఒకసారి చూడండి. రాత ఉంటే ఫొటో కింద పెట్టండి. అందరివీ కలిపి ఫిర్యాదు పెడతాను.