కొండదారిలో గొట్టం బిగించిన సీసా, వీపు సంచి, మామూలు సీసా: ఏది మేలు?

నల్లమలలోని సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమి రోజుల్లో, అంటే ఎండలు ముదిరే కాలంలో జరుగుతుంది. బండలు, చెట్ల వేళ్లు, లోయ అంచులు నిండిన అటువంటి దారిలో నడిచేవారికి ఒక చేయి ఎప్పుడూ కర్రకో, రాతికో ఆనుకొని ఉంటుంది. నీళ్ల సీసా వీపు మీది బ్యాగు పక్క జేబులో ఉంటే, దాని కోసం ఆగాలి, భుజం పట్టీ దించాలి, మూత తిప్పాలి, తాగి మళ్లీ సర్దుకోవాలి. ఇంత పని ఎందుకని చాలామంది దాహాన్ని తరువాతి నీడ వరకూ వాయిదా వేస్తారు. నీరసం, తలనొప్పి మొదలయ్యేది అక్కడే. అందుచేత నడకలో నీళ్లను ఎలా మోయాలన్న ప్రశ్నకు, ఎంత తేలికగా గుటక వేయగలమన్నదే మొదటి కొలత కావాలని నా నమ్మకం.

ఈ కొలతకు మామూలు సీసా నిలవదు. నిలిచేవి రెండు. మొదటిది ట్రెక్కింగ్ చేసేవారు బ్లాడర్ అని పిలిచే, వీపు మీది బ్యాగులో పెట్టుకునే, రెండు మూడు లీటర్లు పట్టే, గొట్టం ఉన్న మెత్తని నీటి సంచి. రెండవది, మన దగ్గరున్న సీసాకే మూత స్థానంలో బిగించుకునే గొట్టం కిట్. దీని గొట్టం సుమారు మీటరు పొడవుండి, భుజం పట్టీ మీదుగా నోటి దగ్గరకు వస్తుంది. చివర ఉన్న బైట్ వాల్వ్‌ను పళ్లతో నొక్కి పీలిస్తే నీళ్లు వస్తాయి.

బ్లాడర్ సైకిల్ పందెం నుంచి పుట్టింది. 1989లో టెక్సస్‌లోని విచిటా ఫాల్స్‌లో, మండే ఎండలో సాగే వంద మైళ్ల సైకిల్ పోటీ కోసం మైకేల్ ఐడ్సన్ అనే ఆయన సెలైన్ సంచిలో నీళ్లు నింపి, దాన్ని పొడవాటి మేజోడులో పెట్టి వీపుకు కట్టుకున్నాడు. ఇలాంటి నీటి సంచులు తయారుచేసే కామెల్‌బ్యాక్ కంపెనీ ఆ ఆలోచన నుంచే వచ్చింది. ఆగడానికి వీల్లేని సైకిలిస్టుకు, పరుగెత్తేవారికి ఇప్పటికీ దీన్ని మించినది లేదు. నీటి బరువు వెన్నుకు దగ్గరగా ఉంటుంది, తాగేకొద్దీ సంచి ముడుచుకుంటుంది కనుక నీళ్లు లోపల అలలాడవు. కొండ ఎక్కేవారికి మాత్రం దాని లోపాలు పెద్దవి. బ్యాగు లోపల ఉండే సంచిలో ఎన్ని నీళ్లు మిగిలాయో కనిపించదు. గొట్టంలో గాలి వచ్చేదాకా తెలియకపోవచ్చు. మళ్లీ నింపాలంటే సామానంతా కదపాలి. ముల్లు గుచ్చుకుంటే ఉన్న నీళ్లన్నీ బట్టల పాలవుతాయి.

గొట్టం బిగించిన సీసాలో ఈ ఇబ్బందులు లేవు. పక్క జేబులో ఉన్న సీసా వైపు తోటివారు చూసి మట్టం చెప్పగలరు, ఊట దగ్గర తీసి నింపడం క్షణాల పని. నాకు అన్నిటికంటే నచ్చేది వేరొకటి: ఒక సీసాలో ఓఆర్‌ఎస్, మరొకదానిలో మంచినీళ్లు పెట్టుకొని అవసరాన్ని బట్టి గొట్టం మార్చుకోవచ్చు. బ్లాడర్‌లో ఓఆర్‌ఎస్ పోస్తే, దానిలోని చక్కెర వల్ల మూలల్లో బూజు పట్టకుండా కడగడం పెద్ద శ్రమ.

అయితే గట్టి సీసా ముడుచుకోదు. నీళ్లు బయటికి వచ్చినంత మేర లోపలికి గాలి వెళ్లాలి. మంచి కిట్ల మూతలో ఇందుకోసం గాలిని లోపలికి మాత్రమే వదిలే చిన్న కవాటం ఉంటుంది. అది సరిగా లేని కిట్‌తో నాలుగు గుటకలు తాగేసరికి పలచని సీసా పక్కలు లోపలికి నొక్కుకుపోతాయి, పీల్చడం కష్టమవుతుంది. పైగా పక్క జేబులోని నీటిని అర మీటరు దాకా పైకి లాగాలి కనుక, ఈ లోపం వెంటనే తెలుస్తుంది. సీసా మూతి మర కిట్‌కు సరిపోతుందో లేదో కూడా చూసుకోవాలి. కూల్‌డ్రింక్ సీసాల మూతి సాధారణంగా 28 మిల్లీమీటర్లు, నాల్జీన్ వంటి వెడల్పు మూతి సీసాలది 63 మిల్లీమీటర్లు. కిట్లు ఎక్కువగా ఈ రెండు కొలతలకే వస్తాయి. స్టీలు సీసాల మరలు కంపెనీకొక తీరు. సీసాను దుకాణానికి తీసుకువెళ్లి బిగించి చూడడమే సురక్షితం.

ఎండలో గొట్టంలో నిలిచిన నీళ్లు వేడెక్కుతాయి. ఆరు మిల్లీమీటర్ల లోపలి వెడల్పున్న మీటరు గొట్టంలో పట్టేది సుమారు 28 మిల్లీలీటర్లే కనుక ఆ గుటక ఉమ్మేస్తే సరిపోతుంది. చలిలో గొట్టం అంతకంటే చాలా పెద్ద చిక్కు. ఉత్తరాఖండ్‌లో శీతకాలపు కేదార్‌కంఠ నడకకు మన యువత చాలామంది వెళుతున్నారు. 3,800 మీటర్ల శిఖరానికి తెల్లవారుజామున బయలుదేరితే మొదట గడ్డకట్టేది ఈ సన్నని గొట్టంలోని నీరే. తాగిన వెంటనే గొట్టంలోకి ఊది నీటిని వెనక్కి పంపాలన్న సలహా బ్లాడర్‌కు పనిచేస్తుంది. గట్టి సీసాలో ఊదిన గాలి బయటికి పోయే దారి లేక నీటిని మళ్లీ పైకి నెడుతుంది. ముందుగా మూతను కొద్దిగా వదులు చేసి, ఊది, తరువాత బిగించాలి. ఎత్తుకు వెళ్లేకొద్దీ బయటి గాలి పీడనం తగ్గి, సీసాలో చిక్కిన గాలి వాల్వ్ గుండా నీటిని కార్చేది కూడా ఇందుకే.

మంచులో నేను నిస్సందేహంగా వెడల్పు మూతి మామూలు సీసాకే ఓటు వేస్తాను. గోరువెచ్చని నీళ్లు పోసి, ఉన్ని మేజోడులో తలకిందులుగా పెడితే, మంచు పైభాగంలో ముందు కడుతుంది కనుక మూతి తెరుచుకుంటుంది. అలిపిరి మెట్లదారికి కూడా మామూలు స్టీలు లేదా రాగి సీసా చాలు. దారి పొడవునా మంచినీటి కుళాయిలు ఉన్నాయి, కొండ మీద వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలపై నిషేధమూ ఉంది. నల్లమల, తూర్పు కనుమల వంటి వేడి అడవుల్లో రోజంతా నడిచేవారికి మాత్రం గొట్టం బిగించిన సీసాయే మేలు. తేలికగా అందుతున్నాయి కదా అని నీళ్లు అదేపనిగా తాగకూడదు, ఒంట్లో ఉప్పు పలచబడడం కూడా ప్రమాదమే.

ఇల్లు చేరాక సీసాను ఎవరైనా కడుగుతారు, గొట్టాన్ని మరచిపోతారు. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు పారించి, సన్నని బ్రష్‌తో తోమి, బైట్ వాల్వ్‌ను విడదీసి కడిగి, రెండు చివరలూ తెరిచి ఉండేలా వేలాడదీసి ఆరబెట్టాలి. వాల్వ్ పళ్ల కింద పడి త్వరగా అరిగే భాగం కాబట్టి, అది విడిగా దొరికే కిట్‌నే కొనాలి.