జాగ్రత్త: "నేటి కాలపు క్రైస్తవ నవలలు" సెట్టు కొనేముందు తొమ్మిదో పేజీ అడగండి

చిత్తూరు, తిరుపతి సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజీ తిరుగుతోంది. "నేటి కాలపు తెలుగు క్రైస్తవ నవలలు, అయిదు పుస్తకాల సెట్టు, పండగ ఆఫర్" అని. నేను కొన్నాను. పుస్తకాలకి 1,350, కొరియర్‌కి 120, మొత్తం 1,470 రూపాయలు పోయాయి. మీవి పోకూడదని రాస్తున్నా. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. రేపు ఇంకో పేరుతో, ఇంకో నంబరుతో వస్తారు. పుస్తకాన్ని గుర్తుపట్టడం తెలిస్తే చాలు.

ముందు నేనెందుకు పడ్డానో చెప్తాను. మాది చిత్తూరులో ఆర్కాట్ మిషన్ అనే అమెరికా క్రైస్తవ మిషన్ కాలం నుంచీ ఉన్న కుటుంబం. మా ఇంట్లో ప్రసంగాల పుస్తకాలకీ, సాక్ష్యాల పుస్తకాలకీ లోటు లేదు. కథల పుస్తకాలకే కరువు. ఉన్న కథలూ ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. మొగుడు తాగుతాడు, పెళ్లాం ఉపవాసం ఉంటుంది, చివరి నుంచి రెండో పేజీలో లారీ గుద్దుతుంది, ఆసుపత్రి మంచం మీద మారుమనసు. మధ్యలో మనుషులు ఇంట్లో కూడా "నీవు ఎక్కడికి వెళ్లుచున్నావు" అని బైబిలు భాషలోనే మాట్లాడుకుంటారు. కాఫీ అడగాలన్నా అదే భాష.

మన సంఘాల్లో కథలు లేక కాదు. కోత పండుగ రోజు వేలంలో ఒక గుమ్మడికాయ మీద ఇద్దరు పెద్దమనుషులు పంతానికి పోయి రెండు వేల దాకా పాడిన వైనం నేను కళ్లారా చూశాను. కానుక దేవుడికే గానీ కోపం మాత్రం కాయ మీదది కాదు, పాతికేళ్ల కిందటి కమిటీ ఎన్నికలది. మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదువుతూ "అభ్యంతరం ఉన్నవారు తెలియజేయవలెను" అనగానే గుళ్లో ఒక నిశ్శబ్దం పడుతుందే, అప్పుడు వెనక బెంచీలో ఎవరో ఒకరు దగ్గుతారు, ఆడపిల్ల తల్లికి గుండె జారుతుంది. ఇవి రాసేవాళ్లు కావాలి. క్రీస్తు గురించి తెలుగులో గొప్పగా రాయడం కుదరదనే మాట నేను ఒప్పుకోను. జాషువా గారి "క్రీస్తు చరిత్ర"కు 1964లోనే కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. అది పద్యం. ఆ చెయ్యి పడిన నవల కోసం నేను వెతుకుతూనే ఉన్నాను. అంత ఆకలి మీద ఉన్నవాళ్లకి గాలం వెయ్యడం సులువు.

శాంపిల్ పంపమని అడిగాను. మొదటి నాలుగు పేజీలు పీడీఎఫ్ పంపారు. ఎంత బాగుందో! శుక్రవారం పొద్దున నెల్లూరులో ఒక అయ్యగారు, అంటే పాస్టరు, ఆదివారం ప్రసంగం రాసుకుంటూ ఉంటారు. పని తెగదు. సెల్‌ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఇంతలో తలుపు దగ్గర ఎవరో బెల్లు కొడతారు. పని పోయిన మనిషి, మాసిన చొక్కా, చేతిలో టోపీ. ఆయన్ని రెండు మంచి మాటలతో పంపించేసి అయ్యగారు మళ్లీ ప్రసంగంలో పడతారు. ఎక్కడా నీతులు లేవు. ఆ మనిషి వెనక్కి తిరిగి నడుస్తుంటే అయ్యగారికి లోపల ఎక్కడో గుచ్చుకోవడం, అది గుచ్చుకోలేదని తనకు తానే చెప్పుకోవడం, రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఆ వాక్యం చదివి వెంటనే డబ్బు పంపేశాను.

చేతిలో టోపీ దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. ఎండాకాలం నెల్లూరులో పని వెతుక్కునేవాడు తలకి తువ్వాలు చుట్టుకుంటాడు గానీ, గుమ్మంలో టోపీ తీసి చేత్తో పట్టుకోడు.

పార్సిల్ వారానికి వచ్చింది. స్త్రీల సమాజం కూడికలో వారానికి ఒక అధ్యాయం చదువుదామని ఆశగా తీసుకుపోయాను. ఎనిమిదో పేజీ దాకా అందరూ చెవులు రిక్కించి విన్నారు. తొమ్మిదో పేజీ తిప్పాను. అప్పటిదాకా అయ్యగారుగా ఉన్న మనిషి అక్కడి నుంచి మంత్రి అయిపోయాడు! "మంత్రి గారు తన గొంతును శుభ్రం చేసుకుని ప్రసంగ పీఠం మీదకు వచ్చారు." ఎవరో కిసుక్కున నవ్వారు. నేను అచ్చుతప్పు అనుకుని ముందుకు పోయాను. అదే పేజీలో పని పోయిన మనిషి గుళ్లోకొచ్చి నిలబడి తన బాధ చెప్పుకుంటాడు. పది నెలల కింద లినోటైప్ యంత్రాలు, అంటే అచ్చుకి అక్షరాలు పేర్చే పాతకాలం మిషన్లు, వచ్చి తన అచ్చు పని పోయిందట. రెండో పేజీలో సెల్‌ఫోన్, తొమ్మిదో పేజీలో లినోటైప్!

మా చిన్నాయన చిత్తూరులోనే ఒక ప్రెస్సులో ఇరవై ఏళ్లు కంపోజిటరు. ఇంటికొచ్చి అడిగితే నవ్వాడు. "మేం అచ్చరాలు చేత్తోనే పేర్చినాం. ఆ మిషన్ మా ప్రెస్సులో కన్నుతో చూడలే. మా కడుపు కొట్టింది కంప్యూటరు" అన్నాడు. లినోటైప్ మొదటిసారి న్యూయార్కులో ఒక దినపత్రికలో నడిచింది 1886లో. అంటే ఈ నెల్లూరు మనిషి పని పోగొట్టుకున్నది ఎప్పుడో మీరే లెక్క కట్టుకోండి.

గుట్టు విప్పింది మాత్రం మా సంఘంలోని రిటైర్డ్ ఇంగ్లీషు టీచరమ్మ. రెండో వారం చదువుతున్నాను. ఎడ్వర్డ్ అనే పత్రిక ఎడిటరు, యేసు అయితే వెయ్యడు అనుకుని బాక్సింగ్ పందెం వార్త ఆపేస్తాడు. దాంతో పేపర్లు అమ్ముడుపోక, అమ్మే పిల్లలు ఆఫీసుకొచ్చి మొత్తుకుంటారు. నెల్లూరులో పేపరు అమ్మకాలు బాక్సింగ్ పందెం మీద ఆధారపడి ఉన్నాయా అని నేను అనుకునే లోపే ఆమె చెయ్యెత్తింది. "ఆపమ్మే. ఈ కత నేను కాలేజీలో ఉన్నప్పుడే చదివుండానే. ఇది అమెరికావోళ్లది."

నిజమే. ఇది చార్లెస్ షెల్డన్ రాసిన "ఇన్ హిజ్ స్టెప్స్". ఆయన కాన్సస్ రాష్ట్రం టొపీకాలో పాస్టరు. ఆదివారం సాయంత్రాలు ఒక్కో అధ్యాయం తన సంఘానికి చదివి వినిపించేవాడు. 1896లో షికాగో వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. "యేసు అయితే ఏం చేస్తాడు" అని ఏడాది పాటు అడుగుకో ప్రశ్న వేసుకుని బతుకుతామని ఒక సంఘం పూనుకోవడమే కథ. ఆ పత్రికవాళ్లు కాపీరైటు సరిగ్గా చేయించకపోవడంతో అప్పట్లోనే ఎవరికి వాళ్లు అచ్చేసి అమ్ముకున్నారు. ఇప్పుడు దాని మీద ఎవరికీ హక్కుల్లేవు. కాబట్టి దాన్ని తెలుగులోకి తెచ్చుకోవడం తప్పు కాదు, చక్కగా తెస్తే నేనే పది కాపీలు కొంటాను. అసలు రచయిత పేరు చెరిపేసి, కథలోని రేమండ్ అనే ఊరిని నెల్లూరు చేసి, కంప్యూటరుతో అనువాదం చేయించి, "ఇప్పటి కొత్త నవల" అని ఎవరిదో పేరేసి అమ్మడమే మోసం. ఇంగ్లీషులో పాస్టరుని కూడా మినిస్టర్ అంటారు, ఆ కంప్యూటరు దాన్ని మంత్రి చేసింది. ఇంకో సంగతి, పేర్లు మార్చే శ్రమ కూడా వాళ్లకి పడలేదు. హెన్రీ, ఎడ్వర్డ్, రాచెల్... మన సంఘం రిజిస్టరు తీస్తే ఈ ముగ్గురూ మొదటి పేజీలోనే దొరుకుతారు. అందుకే నాకు తేడా తెలియలేదు.

మిగతా నాలుగూ? ఒకటి ప్రసంగాల పుస్తకం, అట్ట మీద మాత్రం నవల. రెండు సాక్ష్యాలు. నాలుగోది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ నవల రెండో సగమే వేరే పేరుతో, వేరే అట్టతో! అసలు పుస్తకంలో కథ సగం నుంచి షికాగోకి పోతుంది. వీళ్లు దాన్ని హైదరాబాద్ చేశారు. మూడు చోట్ల మార్చడం మరిచిపోయారు.

డబ్బు వెనక్కి అడిగాను. మొదట "వందనాలు సిస్టర్, చూస్తాం" అన్నారు. తర్వాత "దేవుని పరిచర్యను నిందించకండి" అన్నారు. నేను కంప్లైంటు ఇస్తానంటే బైబిల్లో మొదటి కొరింథీ ఆరో అధ్యాయం పంపారు, విశ్వాసులు విశ్వాసుల మీద వ్యాజ్యానికి పోకూడదని. నేను ఆ అధ్యాయం తీసి ఎనిమిదో వచనం తిరిగి పంపాను. సహోదరుల సొమ్మునే అపహరించేవాళ్ల గురించి పౌలు అక్కడే రాశాడు. ఆ తర్వాత నా నంబరు బ్లాక్ అయింది.

ఇప్పుడు మీరు కొనేముందు చెయ్యాల్సింది. వాళ్లు పంపే శాంపిల్ చూసి మోసపోకండి. మొదటి పేజీలు ఎవరో చెయ్యి తిరిగినవాళ్లతో రాయిస్తున్నారు. పుస్తకం నడిమిలో, మీరు చెప్పిన పేజీ ఫొటో తీసి పంపమనండి, వీలైతే వీడియో కాల్‌లో తిప్పమనండి. నిజంగా పుస్తకం ఉన్నవాళ్లకి అర నిమిషం పని. దాంతోపాటు లోపలి అట్ట వెనక పేజీ కూడా అడగండి. ప్రచురణకర్త చిరునామా, అచ్చయిన ఏడాది, అనువాదమైతే మూల రచయిత పేరు, అనువాదకుల పేరు అక్కడే ఉంటాయి. నాకొచ్చిన పుస్తకాల్లో ఆ పేజీ ఖాళీ, "సర్వహక్కులు కలవు" అనే ముక్క తప్ప. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, లేనంత మాత్రాన దొంగ పుస్తకం అనకండి, మన చిన్న రచయితలు చాలామంది అది లేకుండానే వేసుకుంటారు. ఉంటే మాత్రం ఆ పదమూడు అంకెలూ కొట్టి వెతకండి. నాలుగో పుస్తకం మీద ఉన్న నంబరు కొడితే వేరే ఎవరిదో వంటల పుస్తకం వచ్చింది.

డబ్బు పంపేటప్పుడు యూపీఐలో కనిపించే ఖాతా పేరు స్క్రీన్‌షాట్ తీసుకోండి. చాట్ మొత్తం దాచుకోండి, కొరియర్ కవరు పారెయ్యకండి. నేను కవరు పారేశాను, అదొక్కటే నా కేసులో లోటు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే రాసుకున్నారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊరి కమిషన్‌లోనే వేసుకోవచ్చు, అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు. అయిదు లక్షల లోపు విలువకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెయ్యాలి. "1,470కి కోర్టేంది" అని మా ఆయన అంటున్నాడు. నాకు కడుపు మంట 1,470 గురించి కాదు. ఆ మొదటి నాలుగు పేజీలు రాసిన మనిషెవరో గానీ, ఆ చెయ్యి నిజంగా రాయగల చెయ్యి. ఎంతకి రాయించుకున్నారో, అసలు డబ్బిచ్చారో లేదో. ఆ మనిషి ఇది చదువుతుంటే, తన పేరుతో సొంత నవల రాస్తే మొదటి కాపీ నేనే కొంటాను.

సెట్టు పేరు, అట్టలు ఈపాటికి మార్చేసి ఉంటారు. గుర్తు ఒక్కటే. శుక్రవారం పొద్దున ప్రసంగం రాసుకునే అయ్యగారితో మొదలైతే తొమ్మిదో పేజీ అడగండి. అందులో మంత్రి గారు గొంతు శుభ్రం చేసుకుంటుంటే, అదే పుస్తకం.