వైబ్రేషన్ ప్లేట్: పదహారు నెలలు వాడాక

మా ఫ్లాట్ మూడో అంతస్తులో. రెండేళ్ల క్రితం లిఫ్ట్ పాడైన వారం రోజులూ రెయిలింగ్ పట్టుకుని, ప్రతి మలుపులో ఆగుతూ ఎక్కాను. పీట మీద కూర్చుంటే నేలకి చేతులు ఆనించనిదే లేవలేకపోయేదాన్ని. అప్పటికి నాకు 53. మా అమ్మాయి అది చూసి, కొన్నాళ్లకి ఆన్‌లైన్‌లో వైబ్రేషన్ ప్లేట్ (మనం ఎక్కి నిలబడితే కాళ్ల కింద అదిరే బల్లలాంటి వ్యాయామ మెషిన్) తెప్పించింది. అప్పటినుంచీ వారానికి నాలుగు రోజులు దాని మీద ఎక్కుతున్నాను.

మొదటి నెల వృథా అయిపోయింది. ప్రకటనలో అమ్మాయి నవ్వుతూ నిటారుగా నిలబడి ఉంటుంది కదా, నేనూ అలాగే నిలబడేదాన్ని. పళ్లు టకటకా కొట్టుకునేవి, ఎదురుగా క్యాలెండర్‌లో అంకెలు మసకబారేవి, దిగాక తలనొప్పి. పిక్కల్లో, తొడల్లో ఒకటే దురద. ఆ దురద మొదట్లో చాలామందికి వస్తుంది, నాకు రెండు వారాల్లో పోయింది. బలం మాత్రం రాలేదు.

మోకాళ్ల కోసం ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ సంగతి చెప్పాను. "మోకాళ్లు వంచకుండా నిలబడుతున్నారా అమ్మా?" అని అడిగారు. నిటారుగా ఉంటే అదురు తలదాకా పోతుంది. మోకాళ్లు వంచి, బరువు పాదం ముందుభాగం మీద ఉంచితే తొడ కండరాలే దాన్ని పట్టుకుంటాయి. డాక్టరు మోకాలి కింద చిన్న సుత్తితో తడితే కాలు దానంతటదే ఎగురుతుంది కదా, కండరం హఠాత్తుగా సాగితే అలా బిగుసుకుంటుంది. ప్లేట్ అదిరినప్పుడు జరిగేదీ దాదాపు అదేనని చెప్పారు.

అప్పటినుంచి దాని మీద సగం గుంజీలు, మడమలు ఎత్తి దించడం, అరనిమిషం చేస్తే అరనిమిషం ఆగడం. మొత్తం పది నిమిషాలు. చేతులు కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలనో నెలనెలా రాసుకున్నాను. మొదట 8. నాలుగు నెలలకి 12. ఇప్పుడు 15. మూడంతస్తులూ ఆగకుండా ఎక్కుతున్నాను.

ఈ ఘనత ఎంతవరకు మెషిన్‌దో చెప్పడం కష్టం. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2003లో ప్రచురించిన పరిశోధన మా అమ్మాయి చూపించింది. వ్యాయామం అలవాటు లేని యువతులు 12 వారాలు ప్లేట్ మీద గుంజీల్లాంటివి చేస్తే మోకాలి కండరాల బలం 16.6 శాతం పెరిగింది, జిమ్‌లో బరువులతో చేసినవాళ్లకి 14.4 శాతం. అదే బృందం తర్వాత స్ప్రింట్ అథ్లెట్ల మీద అయిదు వారాలు చూస్తే అదనంగా ఏమీ రాలేదు. పైగా 2003లో వాళ్లు వాడింది సెకనుకు 35 నుంచి 40 సార్లు అదిరేది. నాది తూగుడు బల్లలా ఒక పక్క లేస్తే ఇంకో పక్క దిగే రకం. స్పీడ్ 1 నుంచి 99 దాకా ఉంది కానీ సెకనుకి ఎన్నిసార్లో ఎక్కడా రాయలేదు, అమ్మినవాళ్లని రెండుసార్లు అడిగినా జవాబు లేదు. పాదాలు ఎడంగా పెడితే ఊపు ఎక్కువవుతుంది, మొదట్లో దగ్గరగానే పెట్టుకోండి.

వేసవిలో అయిదు వారాలు మా అక్క ఇంట్లో ఉన్నాను. మెషిన్ లేకుండా అవే గుంజీలు చేశాను, లెక్క తగ్గలేదు. అందుకే నేను ఎక్కువ మార్కులు గుంజీలకే వేస్తాను. ఇంట్లో మాత్రం టైమర్ మోగేదాకా దిగకుండా ఉంటున్నాను, మెషిన్ లేకపోతే ఇన్ని నెలలు మానకుండా చేసేదాన్ని కాదు. ఊరికే నిలబడితే పొట్ట కరుగుతుందనే మాట మాత్రం నమ్మకండి. నా బరువు 71 నుంచి 70కి వచ్చింది, అంతే.

మా అత్తగారికి పేస్‌మేకర్ ఉంది, సరదాకి కూడా ఎక్కనివ్వం. గర్భిణులు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ని అడగకుండా దీని జోలికి వెళ్లొద్దు.

కింది ఫ్లాట్‌వాళ్లు చప్పుడని చెప్పాక మందపాటి రబ్బరు మ్యాట్ వేశాను. మళ్లీ కొనాల్సి వస్తే పట్టుకోవడానికి కడ్డీ ఉన్నదే తీసుకుంటాను. నాదానికి లేదు, అందుకే వంటింటి గట్టు పక్కన వేసుకుని, ఒక చెయ్యి గట్టు మీద ఆనించి చేస్తున్నాను. పై అరలో స్టీలు గ్లాసులు ఇంకా గలగలమంటూనే ఉంటాయి.